కనుమ మీద ఉప్పునీళ్ళ తొట్టి

సారి-తాష్,
1984 నవంబరు

మా మంచి ఇసబెక్ అన్నయ్యకి,

తొట్టి పగలకుండా చేరింది. ముందు ఆ మాట చెప్పకపోతే నువ్వు మిగతా ఉత్తరం చదవవని తెలుసు. జోలోన్ తన లారీలో ఉన్ని మూటల మధ్య దాన్ని బాలింతరాలిలా పడుకోబెట్టి తీసుకొచ్చాడు. తల్దిక్ కనుమ మీద మాత్రం బండి ఆపి నావైపు తిరిగి, "బెగాయిమ్, పిచ్చి నీకా, మీ అన్నకా? సముద్రాన్ని కొండెక్కించడమేంటి?" అన్నాడు. "ఇద్దరికీను. నువ్వు ముందుకి చూసి నడుపు" అన్నాను.

బడి హాస్టల్లో ఆడపిల్లల పడకగదిలో పెట్టాం దాన్ని. చలికాలమంతా వెచ్చగా ఉండే గది అదొక్కటే. ఈ పిల్లలంతా గొర్రెల కాపరుల పిల్లలు. అమ్మానాన్నలు మందలతో పై కొట్టాల్లో ఉంటారు, వీళ్ళు వసంతం దాకా ఇక్కడే. కనుమ దాటి అవతల ఏముందో చూడనివాళ్ళే ఎక్కువ. నీ నారింజరంగు చేపల్ని చూసి మొదటిరోజు ఎవ్వరూ అన్నానికి లేవలేదు. పెద్దది మిగతావాటిని తరుముతూ పొట్ట ఉబ్బించుకుని తిరుగుతుందని దానికి 'హెడ్మాస్టరు' అని పేరు పెట్టారు. పెట్టింది ఊల్కాన్. ఆ పిల్ల నోరు మూతపడగా నేను చూడలేదు. "టీచర్, సముద్రంలో చలికాలం వస్తుందా? వస్తే చేపలు ఎక్కడికి దిగుతాయి? వాటికి కొట్టాలుంటాయా?" అని నా వెనకాలే తిరుగుతుంది.

అసలు హెడ్మాస్టరు మాత్రం, "వసంతంలో పైనుంచి తనిఖీకి వస్తారు. అప్పటికి చేపలు బతికుంటే తొట్టి ఉంటుంది. లేకపోతే అందులో బంగాళాదుంపలు పోయిస్తాను" అన్నారు.

ఆ బంగాళాదుంపల రోజు దగ్గర్లోనే ఉందేమోనని నా భయం. ఓష్‌లో నీ వంటింట్లో ఆ నురగ గొట్టం ఎలా పొంగేది! నీళ్ళలోని జిడ్డంతా నురగై పైకి తేలి గిన్నెలోకి పొర్లేది. ఇక్కడ గాలి పంపు గిజగిజలాడుతుంది గాని, బుడగలు నాలుగొచ్చి నలభై వచ్చినట్టు నటిస్తాయి. నురగ సగం దాకా ఎక్కి అక్కడే చతికిలబడుతుంది. నీళ్ళు పల్చటి గంజిలా మసకేశాయి. చేపలు రొప్పుతున్నాయి. పిల్లల్ని కనిపెట్టుకుని ఆ గదిలోనే పడుకునే ఆయా జూరాక్క నా అవస్థ చూసి, "ఇక్కడ టీ నీళ్ళే సరిగ్గా కాగవు టీచరమ్మా, నీ గొట్టం పొంగుతుందా!" అని నవ్వింది. మంచి మనిషి. పిల్లలకి తల్లి తర్వాత తల్లి. చలి లోపలికి రాకుండా ఇప్పటికే కిటికీల సందులన్నిటికీ పిండిజిగురుతో కాగితాలు అంటించేసింది.

ఇంకో మాట. వంటింటి తలుపు వెనకాల విన్నాను. ఉజ్గెన్‌లో మా అత్తారిల్లు నన్నెందుకు వదిలేసిందో ఇక్కడికీ తెలిసిపోయింది. "కడుపులో బిడ్డే నిలవలేదట, ఆమె చేతిలో చేపలు నిలుస్తాయా?" అంటోంది వంటామె. నేను లోపలికెళ్ళి ఉప్పు అడిగి తెచ్చుకున్నాను. ఇంకేం చెయ్యను? అందుకే అన్నయ్యా, ఇవి బతకాలి. ఏం మార్చాలో వెంటనే రాయి.

నీ చెల్లెలు,
బెగాయిమ్


సారి-తాష్,
జనవరి

ప్రియమైన అన్నయ్యకి,

నువ్వు చెప్పినవన్నీ చేశాను. ఇంత ఎత్తులో గాలి పల్చన కాబట్టి పంపు ఎంత కష్టపడినా గుప్పెడు గాలే తోస్తుందని రాశావు కదా, బుడగలు వదిలే చెక్క ముక్కని అడుగునుంచి తీసి పైకి కట్టాను. లోతు తగ్గేసరికి దాని ప్రాణానికి కాస్త సుఖమైంది. రెండో పంపు కూడా పెట్టాను. ఈ పొడిగాలికి నీళ్ళు ఆవిరై ఉప్పెక్కకుండా రోజూ కరిగిన మంచు చేరుస్తున్నాను. ఇసుక వడపోతలో నీళ్ళు మెల్లగా నడిపిస్తున్నాను. నురగ గిన్నెలోకి పొర్లిన రోజు పిల్లలు చప్పట్లు కొట్టారు. మురికి నురగకి చప్పట్లు కొట్టేవాళ్ళు లోకంలో మా హాస్టల్లోనే ఉంటారు.

అయినా ఏదో తేడాగా ఉందన్నయ్యా. నీళ్ళ పులుపు చూడ్డానికి నువ్విచ్చిన రంగు చుక్కలు సాయంత్రం వేస్తే నీళ్ళు చక్కగా నీలంగా తేలతాయి. పొద్దున వేస్తే ఆకుపచ్చకి దిగిపోతాయి. రాత్రంతా ఎవరో నిమ్మకాయ పిండినట్టు నీళ్ళు పులుస్తున్నాయి. మధ్యాహ్నానికి, పిల్లలు తలుపు తీసి మూసి తిరిగాక, మళ్ళీ నీలం. రెండు పంపులు పెట్టాక తగ్గాల్సింది పోయి ఇంకా ఎక్కువైంది. నారింజవాటి మధ్య ఉన్న ఒక్క నీలం చేప చచ్చిపోయింది. పొద్దున్నే ఇసుక మీద పడుంది. వంటామె వచ్చి చూసి ఏమీ అనలేదు. ఏదో ఒకటి అనుంటే బాగుండేది.

పిల్లలూ బాలేరు. పొద్దున లేస్తే తలనొప్పులు, వాంతులు. బడిలో కూర్చుని తూగుతున్నారు. హెడ్మాస్టరుగారు, "టూటెక్, ఎత్తు జబ్బు. కనుమ గాలి సోకితే అంతే. నీకూ మొదట్లో రాలేదూ?" అన్నారు. వచ్చింది నిజమే, దిగిన వారంలో తల పగిలిపోయింది. కానీ జూరాక్క కూడా తలకి గుడ్డ కట్టుకుని మిరియాల టీ తాగుతోంది. "నీకు టూటెక్ ఏమిటక్కా, ఇక్కడే పుట్టావు కదా?" అంటే, "ముసలితనానికి కొత్త పేరు కావాలిగా" అంది. నేనూ నవ్వేశాను.

పాపం చేపలకి చలేస్తోందేమోనని ఆవిడకి బెంగ. ఈ ఏడు పిడకలు చాల్లేదు, బడికి బొగ్గు పంపారు. "మంట తగ్గిపోగానే పొయ్యి పొగగొట్టం మూత వేసేస్తున్నాను టీచరమ్మా, వెచ్చదనం గడప దాటదు, నీ చేపలకి తెల్లారేదాకా ఢోకా లేదు" అని చెప్పింది. ఇంత మనసున్న మనిషిని నేనెక్కడా చూడలేదు.

నీకు చెప్పకుండా ఒక పని చేశాను. వసంతం తర్వాత నన్ను ఇక్కడినుంచి విడుదల చెయ్యమని జిల్లా ఆఫీసుకి రాసేశాను. ఆ బిడ్డ పోయినప్పుడు నేను ఏడవలేదని మా అత్తగారు ఊరంతా చెప్పింది, గుర్తుందా? ఏడవలేదు. ఏడిస్తే నా తప్పేనని ఒప్పుకున్నట్టవుతుందనిపించింది. ఇప్పుడు ఒక్క చేప పోతే తొట్టి చాటున కూచుని వెక్కి వెక్కి ఏడ్చాను. ఆ ఏడుపు చేపది కాదని నీకు వేరే చెప్పాలా? మిగతావి కూడా పోయేలోపు నేనే పోతాను. వచ్చి నన్ను తీసుకెళ్ళు.

నీ బెగాయిమ్


సారి-తాష్,
ఫిబ్రవరి

అన్నయ్యా, నా బంగారు అన్నయ్యా,

బతికాయి! హెడ్మాస్టరు మళ్ళీ అందర్నీ తరుముతున్నాడు!

ఎలాగో విను. రెండు పంపుల రొదకి నిద్రపట్టడం లేదని పిల్లలు గోల పెడితే, రెండింటినీ బయట వసారాలో పెట్టాను. గోడకున్న పాత తీగ కంతలోంచి గొట్టాలు లోపలికి లాగాను. వసారాలో గిన్నెలో నీళ్ళు గడ్డకట్టే చలి. పంపులు బిగుసుకుపోతాయనుకున్నాను. మర్నాడు పొద్దున చుక్కలేస్తే నీలం! ఆ మర్నాడూ నీలం. చేపలు నా వేలి దగ్గరికొచ్చి తిండి అడుగుతున్నాయి. చల్లటి గాలి చిక్కగా ఉంటుందని నువ్వెప్పుడో అన్నావు కదా, కారణం అదే అయ్యుంటుంది. నీ చెల్లెలు నీకంటే గొప్ప మెకానిక్కని మీ పట్టుమిల్లులో అందరికీ చెప్పు.

సంతోషంలో సగమే రాస్తున్నాను. మిగతా సగం ఊల్కాన్ మింగేసింది. పొద్దున వరుసలో నిలబడ్డ పిల్ల కట్టెలా పడిపోయింది. లేపితే నన్ను గుర్తుపట్టలేదు కాసేపు. ఇప్పుడు తిరుగుతోంది గాని మాటల్లేవు. సముద్రం గురించి ఒక్క ప్రశ్న అడగలేదు. నేనే దాన్ని పిలిచి, "చేపలకి కొట్టాలు దొరికాయో లేదో అడగవే?" అంటే, "తల బరువుగా ఉంది టీచర్" అంది. డాక్టరు గుల్చాలో ఉన్నాడు, మంచు తగ్గితేగాని రాలేడు. జూరాక్క దాని మంచాన్ని పొయ్యి పక్కకి మార్చి తన దుప్పటి కూడా కప్పింది.

జోలోన్ హారన్ కొడుతున్నాడు. తుఫాను వస్తోందట, ఇదే ఆఖరి బండి. తర్వాత కనుమ ఎప్పుడు తెరుస్తారో.

నీ బెగాయిమ్


గుల్చా,
ఫిబ్రవరి

బెగాయిమ్ తల్లీ,

ఈ ఉత్తరం అందగానే నిలబడ్డచోటినుంచే పరుగెత్తు. పిల్లల గది తలుపులు తీసిపెట్టు, కిటికీ కాగితాలు చింపెయ్, పొయ్యి ఆర్పెయ్యి. ఆ తర్వాత మిగతాది చదువు.

ఎత్తు బుడగల్ని తగ్గిస్తుంది. నురగని చచ్చుబరుస్తుంది, చేపలకి ఊపిరి తక్కువ చేస్తుంది. కానీ నీళ్ళని పులవనివ్వదమ్మా. పల్చటి గాలిలో పులుపు తగ్గాలి గాని పెరగదు. నీళ్ళు పులిశాయంటే నీ పంపులు తోసిన గాలే చెడ్డది. పొయ్యి గాలి. పంపులు పెంచినకొద్దీ చెడుగాలి ఎక్కువ తోశావు. వాటిని బయటపెట్టాక చేపలు బాగుపడ్డాయి, ఎందుకంటే అవి ఇప్పుడు బయటిగాలి పీలుస్తున్నాయి. ఆ గదిలో బయటిగాలి పీల్చేవి చేపలొక్కటే. పిల్లలు పీల్చేది లోపలిది!

పిడక నిప్పు మంట ఆరగానే బూడిదవుతుంది. బొగ్గు అలా కాదు, మంట ఆరాక కూడా నీలంగా రగులుతూనే ఉంటుంది. అప్పుడు మూత వేస్తే ఆ విషమంతా గదిలోకే. దానికి వాసనుండదు, రంగుండదు. ఆ ముసలిదానికి బుద్ధుందా? అంతమంది పిల్లల్ని పెట్టుకుని పొగగొట్టం మూస్తుందా?

నాకు మాత్రం ఉందా! నీ రెండు ఉత్తరాల్లోనూ చేపల సంగతే చదివాను. పిల్లల తలనొప్పుల దగ్గరికి వచ్చేసరికి కళ్ళు పక్క పేరాకి దూకేశాయి. మూడోది చదివాకే అర్థమైంది.

పోస్టాఫీసుకి పరుగెత్తాను. తీగలు తెగిపోయాయట, ఫోనూ లేదు, టెలిగ్రామూ లేదు. గుల్చా దాకా వచ్చాను. ఇక్కడ దారికి అడ్డుకర్ర వేసేశారు. మంచు తీసే బండివాళ్ళని బతిమాలి ఈ ఉత్తరం ఇస్తున్నాను. జోలోన్ కూడా ఇక్కడే ఇరుక్కుని ఉన్నాడు, గుర్రం దొరికితే తీసుకెళ్తానన్నాడు. కనుమ మీద మనిషికి మనిషి కనబడ్డం లేదంటున్నారు.

ఇది నీకు ఆలస్యంగా అందితే ఏం చెయ్యాలో నాకు తోచడం లేదు.

మీ అన్నయ్య,
ఇసబెక్


సారి-తాష్,
మార్చి

అన్నయ్యా,

పిల్లలందరూ బతికే ఉన్నారు. ఊల్కాన్ కూడా.

మంచు తీసే బండివాళ్ళ దగ్గర నీ ఉత్తరం తీసుకుని నిన్న తెచ్చాడు జోలోన్. కనుమ తెరిచిన మొదటి బండి అతనిదే. లోపలికి రాకుండా గుమ్మంలోనే నిలబడి పిల్లల్ని ఒక్కొక్కర్నీ తలమీద చెయ్యేసి లెక్కపెట్టాడు. తర్వాత గుమ్మంలోనే కూలబడ్డాడు. ఎంత మొండి మనిషో నీకు తెలుసుగా, అతను అలా ఏడవడం నేనెన్నడూ చూడలేదు.

తుఫాను మొదలయ్యాక బడి మూసేశారు. పిల్లలు పగలంతా ఆ గదిలోనే. గాలికి గది చల్లబడుతోందని జూరాక్క పొయ్యినిండా బొగ్గు పోసి, మంట తగ్గగానే మూత వేసేసింది. వసారాలో పంపుల మీద మంచు పేరుకుపోయి గాలి గొట్టాలు పూడుకుపోయాయి. బుడగలు ఆగిపోవడం చూసి, పంపుల్ని దులిపి లోపలికి తెచ్చి తొట్టి పక్కనే పెట్టాను. బుడగలు మళ్ళీ దండిగా వచ్చాయి. మధ్యాహ్నం వంటామెకి పిండి పిసికి పెట్టడానికి వెళ్ళాను. "కాసేపు పడుకోబెట్టు అక్కా, తుఫానుకి గోల చేస్తున్నారు" అని నేనే అని వెళ్ళాను.

తిరిగొచ్చేసరికి చేపలన్నీ నీళ్ళ అంచుకి వచ్చి నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. పంపులు ఆగాయేమోనని చెయ్యి పెట్టి చూశాను. తిరుగుతున్నాయి. బుడగలు ఇంతకుముందెన్నడూ లేనంత బాగా వస్తున్నాయి. ఇన్ని బుడగల్లో ఊపిరాడకపోవడమేంటి? ఈ గాలికేమైంది? ఇదే గాలి వసారాలో మంచిదై ఇక్కడికొస్తే చెడ్డదవుతుందా? అలా నిలబడి తొట్టిని చూస్తున్నదాన్ని, అప్పుడు చెవులు పనిచేశాయి. గదిలో చప్పుడు లేదు. అంతమంది ఆడపిల్లలున్న గదిలో చప్పుడు లేదు.

"ఊల్కాన్" అన్నాను. పలకలేదు. "జూరాక్కా!" అని అరిచాను. ఆవిడ గోడకానుకుని కూచునే ఉంది, ఒళ్ళో ఉన్ని కదురు, గడ్డం గుండెకి ఆనింది. పిల్లల బుగ్గలు ఎర్రగా, ఎండలో ఆడుకొచ్చినవాళ్ళ బుగ్గల్లా ఉన్నాయి. నా కాళ్ళూ తేలిపోతున్నాయి. కిటికీ లాగాను, ఆ పిండిజిగురు రాయిలా పట్టుకుంది. చేతికి ఏది దొరికిందో అది ఎత్తాను. అది నీ పంపు, అన్నయ్యా. గొట్టాలు తెగేలా పీకి కిటికీకేసి కొట్టాను. రెండు అద్దాలూ పగిలి పంపు మంచులో పడింది. మంచు లోపలికి దూసుకొచ్చింది. రెండో కిటికీని బల్లతో పగలగొట్టాను. తర్వాత ఒక్కొక్కరినీ జబ్బలు పట్టి బయటికి ఈడ్చాను. వంటామె పిండి చేతులతోనే పరుగెత్తుకొచ్చింది. తనూ లాగింది. ఏడుస్తూ లాగింది. మంచులో పడ్డ పిల్లలు కక్కుకుంటుంటే అంత సంతోషం నాకెప్పుడూ కలగలేదు.

ఊల్కాన్ మాత్రం కదల్లేదు. పొయ్యి పక్క మంచం కదా దానిది. మొహానికి మంచు రుద్దాను, చెంపలు వాయించాను, నోట్లో నోరు పెట్టి ఊదాను. "లేవవే, అడగవే, ఏదో ఒకటి అడగవే" అని అరుస్తూనే ఉన్నానట, వంటామె చెప్పింది. ఎంతసేపో తెలీదు. చివరికి ఒక దగ్గు దగ్గింది. కళ్ళు తెరిచి, "కొడతారేంటి టీచర్!" అని ఏడుపందుకుంది. దాన్ని పట్టుకుని నేనూ ఏడ్చాను, అందరి ముందూ, సిగ్గులేకుండా.

ఆ రోజు తొట్టివైపు ఎవరూ చూడలేదు. మర్నాటికి నీళ్ళ మీద మంచు తెర కట్టింది. ఒక్క చేప మిగల్లేదు. ఇంకొక కిటికీ పగలగొట్టమన్నా పగలగొడతాను గాని, చేపలు మంచివన్నయ్యా. ఒక్కమాట లేకుండా చెప్పాల్సింది చెప్పాయి, వినడానికే నాకు ఇంతకాలం పట్టింది.

జూరాక్క తేరుకుంది. పొగగొట్టం మూత వల్లే ఇదంతా అని తెలిశాక మాత్రం బూట్లు తొడుక్కుని ఊరి చివర మేనకోడలింటికి వెళ్ళిపోయింది. "నా చేత్తో మూత వేశాను" అని ఒకటే మాట. అన్నం కూడా ముట్టలేదట. నువ్వు ఆవిణ్ణి తిట్టిన ఆ మాటలున్న ముక్క నేను చింపేశాను. నీ మీద కోపం లేదు. ఆవిడ కూడా ఆ గదిలోనే పడుకుంది కదా, అదే గాలి పీల్చింది కదా. హెడ్మాస్టరుగారు పేరొకటి రాసి పైకి పంపాలన్నారు. టూటెక్ అన్నవారి పేరు కూడా పక్కన రాద్దామన్నాను. కాగితం మడిచి జేబులో పెట్టేసుకున్నారు.

మంచు తగ్గగానే కాపరులు పై కొట్టాల్లోంచి గుర్రాల మీద దిగారు. పిల్లలు దక్కారని పొట్టేలుని కోశారు. బడి నడవలో గుడ్డ పరిచి అందరం కూచున్నాం. మాంసం వచ్చింది, చల్లారుతోంది, ఎవరూ ముట్టరు. పెద్దవాళ్ళు చేతులు చాచి దీవిస్తేగాని తినకూడదు కదా. అందరికంటే పెద్ద జూరాక్కే. ఊల్కాన్ నాన్న లేచాడు. పిల్లని పోగొట్టుకోబోయినవాడు అతనే. ఏం చేస్తాడో తెలీక నేను కూడా లేచాను. తిన్నగా ఊరి చివరికి నడిచి వెళ్ళి ఆవిడ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. "పిన్నీ, తిండి చల్లారిపోతోంది. నువ్వు దీవించకుండా మేం తినం" అని అందరికంటే పెద్దవాళ్ళు కూచునే తలవైపు చోట్లో కూచోబెట్టాడు.

అందరం అరచేతులు చాచాం. ఆవిడ మొదలుపెట్టింది. అమ్మ దీవించేది గుర్తుందా, మందలు పెరగాలి, ఆయుష్షు పెరగాలి, మీ ఇంటి పొయ్యి పొగ ఎన్నడూ ఆగకూడదు అని? ఆ పొగ మాట దగ్గరికి వచ్చి ఆగిపోయింది. పెదాలు కదులుతున్నాయి, మాట రావడం లేదు. నడవలో ఎవరూ చేతులు దించలేదు. ఊల్కాన్ నాన్న తల వంచుకుని అలాగే చాచి ఉన్నాడు. చేతులు వణికేదాకా ఉన్నాం.

చివరికి ఆవిడ, "మీ పిల్లలు రోజూ పొద్దున్నే లేవాలి" అంది.

తథాస్తు అన్నట్టు అందరం ఓమిన్ అన్నాం. అంత గట్టిగా ఓమిన్ అనడం నేనెక్కడా వినలేదన్నయ్యా.

నన్ను తీసుకెళ్ళడానికి రావద్దు, జిల్లా ఆఫీసుకి కూడా ఇక్కడే ఉంటానని రాసేశాను. నా మంచం పిల్లల గదిలోకి మార్చుకున్నాను, జూరాక్క మంచం పక్కన.

నీ చెల్లెలు,
బెగాయిమ్